హాల్లో పెట్టిన ఆ ఫోటో గురించి

అమ్మా,

నేను పంపిన సరస్సు ఫోటోకి ఫ్రేమ్ కట్టించి, పాత సీనరీ పోస్టర్ తీసేసి అదే మేకుకి తగిలించావని చెల్లి చెప్పింది. చిన్నప్పుడు ఆ పోస్టర్‌లో మంచుకొండనీ చెక్క ఇంటినీ చూస్తూ అన్నం తినేవాళ్లం, గుర్తుందా? సంతోషమే, కానీ ఈ ఫోటో చూసి పిన్ని వాళ్లు అబ్బాయిని కెనడా పంపడానికి ఎకరం పొలం బేరం పెట్టారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

ఫోటోలో అబద్ధం లేదమ్మా. అది మొరైన్ లేక్, ఒకప్పుడు ఇక్కడి 20 డాలర్ల నోటు వెనక ఉన్న బొమ్మ అదే. ఆ నీలం నేను ఫోన్‌లో దిద్దింది కాదు, కొండ మీది మంచు కదులుతూ రాయిని పిండిలా నూరుతుంది, ఆ పొడి నీళ్లలో తేలుతుంటే అలా మెరుస్తుంది. కానీ నా చుట్టూ ఆ రాళ్లగుట్ట మీద ఫోన్లు పట్టుకుని ఎంతమంది ఉన్నారో ఫోటోలో పడలేదు. ఆ రోడ్డు జూన్ నుంచి అక్టోబరు సగం దాకే తెరుస్తారు, 2023 నుంచి సొంత కార్లని రానివ్వట్లేదు. నేనుండే కాల్గరీ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, మూడేళ్లలో నేను వెళ్లింది ఒక్కసారి. మిగతా రోజులు చూసేది గోడౌన్‌లో ట్యూబులైట్లు, అట్టపెట్టెలు, బస్టాపు. జనవరిలో మైనస్ 30లో బస్సు కోసం నిలబడితే కనురెప్పల మీద మంచు కడుతుంది. నలుగురం ఉండే బేస్‌మెంట్‌కి ఒకటే చిన్న కిటికీ, చలికాలమంతా దానికీ మంచు అడ్డమే. బెంగ పెట్టుకుంటావని వీటి ఫోటో ఒక్కటీ పంపలేదు. అది తప్పని ఇప్పుడు అనిపిస్తోంది.

ఈ కొండల అవతల రైలు దారి వేయడానికి సుమారు 15,000 మంది చైనా కూలీలు వచ్చారమ్మా, వందల మంది చనిపోయారు. 1885లో పట్టాలు పూర్తయ్యాయి, అదే ఏడాది కొత్తగా వచ్చే చైనా వాళ్ల మీద తలకి 50 డాలర్ల పన్ను వేశారు. తర్వాత రైలు కంపెనీ టూరిస్టుల కోసం వేయించిన పోస్టర్లలో కొండలు, సరస్సులు, పెద్ద హోటళ్లు ఉన్నాయి. ఆ కూలీలు నేను చూసిన ఒక్కదాంట్లోనూ లేరు.

పిన్నితో చెప్పు, కాలేజీ నడిచే రోజుల్లో స్టూడెంట్లు బయట వారానికి 24 గంటలే పని చేయొచ్చు, ఆ డబ్బు అద్దెకీ తిండికీ సరిపోవడమే కష్టం, ఫీజు కూడా అందులోనే కట్టేయొచ్చని ఏజెంటు అంటే నమ్మొద్దని. రావొద్దని నేననను, నేనే వచ్చాను కదా. పొలం అమ్మే ముందు వాడిని ఒక్కసారి నాతో మాట్లాడమను. ఆదివారం పొద్దున మీకు తొమ్మిదింటికి వీడియో కాల్ చేసి, నేనుండే గది, వంటిల్లు, ఆ కిటికీ అన్నీ చూపిస్తాను. నువ్వూ పక్కన కూర్చో.