వాగుల్లో కలిసే యాంటీబయాటిక్‌కు పరిమితి విధించాలి

సంపాదకులకు నమస్కారం.

మందులకు లొంగని బాక్టీరియా గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే హితవు చెబుతున్నాయి: డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనవద్దు, రాసిన కోర్సును మధ్యలో ఆపవద్దు. ఆ మాట నిజమే, అందరూ పాటించవలసిందే. అయితే ఒక ప్రభుత్వాసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో 28 ఏళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, తప్పంతా రోగి మీద, మెడికల్ షాపు మీద, ఊళ్లోని ఆర్‌ఎంపీ మీద మోపి, మందుల ఫ్యాక్టరీల నుంచి వాగుల్లోకి చేరే యాంటీబయాటిక్ ఊసెత్తకపోవడం అన్యాయంగా తోస్తున్నది.

మూత్రంలోనో చీములోనో దొరికిన బాక్టీరియాను ల్యాబులో కల్చర్ ప్లేటు మీద పలుచగా పరిచి, ఒక్కో మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలను దానిపై పెట్టి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. పొద్దున తీసి చూస్తే, పనిచేసే మందు చుట్టూ బాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీ కనిపిస్తుంది. పనిచేయని మందయితే బిళ్ల అంచు దాకా మీగడలాంటి పొర కమ్ముకొని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎక్కువగా వాడే యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్ససిన్ బిళ్ల చుట్టూ ఉన్న ఖాళీని స్కేలుతో కొలిచి రాసేవాళ్లం. చివరి సంవత్సరాల్లో చాలా ప్లేట్లలో అక్కడ కొలవడానికేమీ ఉండేది కాదు.

అలాంటి ప్లేటు ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందున్నది. తొలి కాన్పుకు వచ్చిన పల్లెటూరి అమ్మాయికి చలిజ్వరం, మూత్రంలో మంట. నోటితో మింగే మందుల వరుసలో ఒక్కటీ పనిచేయలేదు. రిపోర్టు నిండా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే మందుకు లొంగనిది) అక్షరమే. ఇంతకు ముందు ఏ మందులు వాడిందమ్మా అని నేనే వాళ్లమ్మను అడిగాను. ‘జ్వరమొస్తే పారాసిటమాల్ గోలీ తప్ప ఇంకోటి ఎరగదు సారూ’ అన్నది. ఆ తల్లి అబద్ధం చెప్పిందని నేననుకోను, ఎందుకంటే మొండి బాక్టీరియా ఒంట్లో చేరడానికి మనం యాంటీబయాటిక్ వాడి ఉండాల్సిన అవసరమే లేదు. వేరెక్కడో మందుకు అలవాటుపడి బతికిన బాక్టీరియా తాగునీటి ద్వారా, చేతుల ద్వారా, సరిగా కడగని ఆకుకూర ద్వారా మన పేగుల్లోకి వచ్చి, నెలల తరబడి ఏ హానీ చేయకుండా ఉండిపోవచ్చు. అది మూత్రనాళంలోకో, ఆపరేషన్ గాయంలోకో, పసిబిడ్డ రక్తంలోకో చేరిన రోజున గానీ జబ్బుగా బయటపడదు. అప్పటికి డాక్టరు చేతిలో మందు మిగిలి ఉండదు.

అంతకన్నా భయపెట్టే సంగతి మరొకటి ఉన్నది. మందును తట్టుకునే జన్యువు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది, దాన్ని ఒక బాక్టీరియా పక్కనున్న బాక్టీరియాకు, వేరే జాతిదానికి సైతం, నేరుగా అందించగలదు. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వెళ్లిన ఒక రోగిలో 2008లో స్వీడన్ వైద్యులు కనుగొన్న ఎన్‌డీఎం-1 (న్యూఢిల్లీ మెటాలో-బీటా-లాక్టమేజ్) జన్యువు ఇటువంటిదే. దాని పేరులో మన రాజధాని పేరు పెట్టారని అప్పట్లో దేశంలో పెద్ద గొడవే జరిగింది. ఆ పేరు నాకూ నచ్చలేదు. కానీ 2011లో ప్రచురితమైన పరిశోధనలో, ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51 చోట్ల, కుళాయి నీటి నమూనాలు 50లో రెండింట ఆ జన్యువు దొరికిందన్న సంగతి పేరు కన్నా ముఖ్యమైనది. అంటే అది ఆసుపత్రి గోడలు దాటి వీధిలోకి వచ్చింది.

ఇక మన పటాన్‌చెరు సంగతి. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరిన అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదుకు ఇది ఎన్నో రెట్లు. పైగా శుద్ధి ప్రక్రియ బాగా సాగడానికి అందులో ఇళ్ల మురుగునూ కలిపేవారు. అంటే మనుషుల పేగుల్లోంచి వచ్చిన బాక్టీరియాను, వాటిని చంపాల్సిన మందును ఒకే తొట్టిలో రోజుల తరబడి కలిపి ఉంచడమే. అక్కడ చచ్చేవి చావగా మిగిలినవి ఏమిటో, అవి అప్పట్లో ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర దాకా ఏం మోసుకుపోయాయో ల్యాబులో పనిచేసిన ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

కాలుష్య నియంత్రణ అధికారులు ఫ్యాక్టరీల వ్యర్థజలంలో సీఓడీ, బీఓడీ (కుళ్లే, రసాయన మలినాల కొలతలు), టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) చూస్తారు, యాంటీబయాటిక్‌కు మాత్రం కట్టుబడాల్సిన హద్దు లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా వెలువరించినప్పుడు మావంటి వాళ్లం ఎంతో సంతోషించాం. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులను పూర్తిగా తొలగించారు. ఖర్చు భరించలేమని, పరిమితులు మరీ కఠినమని పరిశ్రమ చెప్పిన వాదనను నేను తేలికగా కొట్టిపారేయను. మా వీధి పిల్లలు ఆ ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తున్నారు, అక్కడ తయారైన మందులే నా చేతుల మీదుగా ఎందరినో బతికించాయి. కానీ అంకెలు కఠినమైతే సవరించాలి గాని, హద్దునే చెరిపేయడం ఏం న్యాయం? యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి, ఏ అంకె పెట్టాలో తెలియదని ఇప్పుడెవరూ అనలేరు.

కేంద్రం కోసం ఎదురుచూడనక్కరలేదు. కేంద్ర ప్రమాణాల కన్నా కఠినమైనవి విధించే అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు ఉన్నది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్లలోనూ, విశాఖ దగ్గరి పరవాడలోనూ వ్యర్థజలం బయటికి వచ్చే చోట, అది వాగులోనో సముద్రంలోనో కలిసే చోట యాంటీబయాటిక్ అవశేషాలను నెలనెలా కొలిచి, ఆ అంకెలను కంపెనీల పేర్లతో సహా ప్రజల ముందు పెట్టాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, సంగారెడ్డి