బడికో నర్సు ఉండాలిరా

అనంతపురం

ఒరేయ్ శేఖర్,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ మోకాళ్లు కాస్త నయం. వేరుశనగ ఈసారీ అంతంతమాత్రమే. మిగతావి తరువాత, ముందు ఇది విను.

సోమవారం ప్రార్థనలో ఎనిమిదో తరగతి అమ్మాయి నిలుచున్నచోటే పడిపోయింది. ఫిట్స్. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట్లో నురగ. ఒకరు అరచేతిలో తాళంచెవులు కుక్కుతున్నారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టమంటున్నారు. 108కి ఫోను చేశాం, బండి మండల కేంద్రం నుంచి రావాలి. దెబ్బలకు టించర్ పూసే మన టించర్ స్వామి ఉన్నా బాగుండేదనిపించిందిరా, నిజంగా!

మార్కుల జాబితాలో సంతకానికి వచ్చిన ఒక పిల్లవాడి తల్లి, ఒకప్పుడు నర్సుగా పనిచేశారట, "అందరూ జరగండి" అని కేకవేశారు. తాళాలు లాగేసి, తన సంచి తలకింద పెట్టి, పిల్లను పక్కకు తిప్పారు. "నోట్లో ఏమీ పెట్టొద్దు. తెలివి వచ్చేదాకా చుక్క నీళ్లు కూడా వద్దు. ఎవరైనా గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ప్రమాదం." చూసింది నేనే. ముల్లు కదలదురా! చివరికి తగ్గింది. పిల్ల కళ్లు తెరిచి మొదట అడిగినది, బట్టలు తడిసింది అందరూ చూశారా అని. ఆవిడ అప్పటికే కొంగు అడ్డం పెట్టారు.

ఇంకో సంగతి. ఆ పిల్లకు ఫిట్స్ మాత్రలు అయిపోయి మానేశారట. పెళ్లి సంబంధాలకు భయపడి ఆ జబ్బు ఊసే ఎత్తని ఆ పిల్ల తల్లి, మాకెవరికీ చెప్పనిది, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పుకుంది.

ఆవిడ ఆ పూట రాకపోతే? పిల్లల ఆరోగ్య పరీక్షలకు ప్రభుత్వం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం 2013 నుంచి ఉంది, ఏడాదికోసారి వచ్చి పిల్లలను చూస్తుంది, మంచిదే. మిగతా రోజుల మాటేమిటి? ఏఎన్ఎమ్‌కు ఊళ్లు తిరగడమే సరిపోతుంది. నులిపురుగుల మాత్రలు, నీలం రంగు ఐరన్ మాత్రలు మా చేతులతోనే ఇస్తున్నాం. కడుపులో తిప్పుతోందని పిల్ల ఏడిస్తే లెక్కల మాస్టారు ఏం చెబుతాడు? న్యూయార్కులో 1902లోనే లీనా రోజర్స్ అనే నర్సును బడుల్లో పెట్టారు. గజ్జి, కళ్లకలకలకు అక్కడే మందు వేసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పేసరికి, జబ్బు పేరుతో ఇంటికి పంపేసే పిల్లలు ఎంతగానో తగ్గారు. మనకు ఎప్పుడురా? రోజంతా బడిలోనే ఉండే మనిషి కావాలి, చట్టంలో రాసి మరీ.

ఇక్కడ తల్లిదండ్రుల కమిటీలో తీర్మానం చేయిస్తున్నాను. కర్నూలులో మీ టీచర్ల సంఘం సమావేశంలో నువ్వూ ఈ మాట ఎత్తాలి, జీతాల చర్చ అయ్యాక కాదు, ముందే. ఆ పిల్ల నిన్న బడికి... అదిగో, గంట కొట్టేశారు, తొమ్మిదో తరగతికి పోవాలి. వెంటనే రాయి.

నీ
రమణ