రాణిగారి ముద్ర చెక్కినవాడు

ఒరేయ్ శీనూ,

కొత్త ఇంటి ఫోటోలు చూశాను. బాగుంది కానీ, మీ అమ్మ ఆ మోకాళ్ళతో ఆ నిటారు మెట్లు ఎలా ఎక్కుతుందిరా? ఈసారి ఫోన్లో దీని గురించి నీకు గట్టిగా చివాట్లు పడతాయి.

ఇక నా సంగతి. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు బ్రిటిష్ మ్యూజియం సేకరణ ఫోటోలు చూడటం అలవాటైంది. అలా పతకాలు, ముద్రలు తిరగేస్తూ వయన్ అనే కుటుంబం దగ్గర ఇరుక్కుపోయాను. జర్మనీలోని కొలోన్ నుంచి లండన్ వచ్చిన వంశం. తరతరాలుగా చెక్కుడు పనే. అన్నదమ్ముల పిల్లల్లో ఒకడు, విలియం, టంకశాలలో నాణేలకీ పతకాలకీ పేరు తెచ్చుకున్నాడు. ఇంకొకడు, బెంజమిన్, రాజముద్రలు చెక్కే పెద్ద ఉద్యోగంలో కూర్చున్నాడు. అతని తర్వాత కొడుకులు ముగ్గురూ ఒకరి వెంట ఒకరు అదే కుర్చీలోకి వచ్చారు. వారసత్వం మన సినిమా వాళ్ళకే అనుకున్నాం!

నన్ను పట్టుకున్నది విక్టోరియా రాణి మొదటి గ్రేట్ సీల్. 1838లో బెంజమిన్ చేసింది. రాజ్యం తరఫున వెళ్ళే పెద్ద పత్రాలకి తాడు కట్టి వేలాడదీసే మైనపు బిళ్ళ అది. దాదాపు ఆరంగుళాల వెడల్పు, అంటే మన అప్పడం సైజన్నమాట. రెండు వైపులా బొమ్మ ఉంటుంది కాబట్టి వెండి అచ్చులు రెండు చెయ్యాలి.

ఒకవైపు రాజు సింహాసనం మీద, రెండోవైపు గుర్రం మీద. శతాబ్దాలుగా వస్తున్న పద్ధతి. గుర్రం మీద రాజంటే కవచం, కత్తి, యుద్ధం. ఇప్పుడు గద్దె మీదున్నది పంతొమ్మిదేళ్ళ అమ్మాయి. ఏం చేస్తాడు? కత్తి తీసేశాడు. స్వారీ దుస్తుల మీద జీరాడే పెద్ద అంగీ, మెడలో గార్టర్ అనే రాజబిరుదు తాలూకు పతకాల గొలుసు, తలమీద కిరీటపు పట్టీ. తురాయిలు పెట్టిన గుర్రం కుదురుగా నిలబడటం లేదు, పక్కనే ఒక కుర్రాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నాడు. నాకు ఆ కుర్రాడు తెగ నచ్చాడు. రాణి ఎంత గొప్పదో ఆవిడ మొహంలో కాదు, వాడి మొహంలో చూపించాడు బెంజమిన్. రెండోవైపు సింహాసనం, గోతిక్ మండపం, అటూ ఇటూ న్యాయం, మతం అనే ఇద్దరు స్త్రీమూర్తులు. పనితనం గొప్పదే, కాదనను, కానీ ఇరుకు. పెళ్ళి ఫోటోలో చుట్టాలందరినీ నిలబెట్టినట్టుంది అని రాయబోయి ఆగాను, నువ్వు నవ్వుతావని.

ఈ పనిలో కష్టమేమిటంటే అంతా తిరగేసి ఆలోచించాలి. మైనంలో ఎత్తుగా రావాల్సిన ముక్కుని వెండిలో గుంటగా తవ్వాలి. మైనంలో కుడికి తిరగాల్సిన గుర్రం అచ్చులో ఎడమకి తిరగాలి. చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు, అవీ గోతిక్ అక్షరాలు, అన్నీ వెనక్కి రాయాలి. కాస్త తవ్వి, మైనమో మట్టో అద్ది చూసుకుని, మళ్ళీ కాస్త తవ్వాలి. ఎక్కువ తవ్వితే అంతే సంగతులు. నాకైతే తలుచుకుంటేనే టెన్షన్.

ఇంత చేశాక ఆ అచ్చుని ఏం చేస్తారో తెలుసా? కొత్త ముద్ర రాగానే పాతదాన్ని సుత్తితో కొట్టి చెల్లకుండా చేస్తారు! ఇద్దరి దగ్గర రెండు ముద్రలుంటే రాజాజ్ఞకి విలువేముంది మరి. చెడగొట్టిన వెండి లార్డ్ చాన్సలర్‌కి, అంటే ఆ ముద్రని కాపాడే పెద్ద మంత్రికి, దక్కేది. 1831లో దీనిమీదే తగాదా వచ్చింది. కొత్త ముద్ర చెయ్యమన్నప్పుడు చాన్సలర్ లిండ్‌హర్స్ట్, అది తయారయ్యేసరికి బ్రోమ్. పాత వెండి నాదంటే నాదని ఇద్దరూ. అప్పటి రాజు నాలుగో విలియం చెరో సగం అని తీర్పు చెప్పి, ఎవరికి ఏ వైపో బొమ్మా బొరుసూ వేసి తేల్చాడట. సగాలని వెండి పళ్ళేల్లో పొదిగించి ఇచ్చాడు. పెద్దమనుషుల తగాదాలూ ఇంతేరా.

విక్టోరియా అరవై మూడేళ్ళ పైన ఏలింది కాబట్టి ముద్రలు నాలుగు చెయ్యాల్సి వచ్చింది. అంటే బెంజమిన్ పనికి ముందే చావు రాసిపెట్టి ఉంది. పతకం చేసినవాడి పని జనం బీరువాల్లో బతుకుతుంది. ముద్ర చేసినవాడికి మైనపు అచ్చులూ, గీసుకున్న నమూనాలే మిగులుతాయి. అందుకే అలాంటి నమూనా ఏ మ్యూజియంలో కనిపించినా నేను ఆగిపోతున్నాను.

కొడుకుల పనీ తక్కువది కాదు. జోసెఫ్, ఆల్ఫ్రెడ్ కలిసి 1869లో కెనడాకి ముద్ర చేశారు, నాలుగు రాష్ట్రాల డాళ్ళతో. మరుసటేడే కెనడాలో మానిటోబా చేరింది, 1871లో బ్రిటిష్ కొలంబియా. ముద్ర మీద మాత్రం నాలుగే.

ఇప్పుడు నీతో పని. మీ నాయనమ్మ నగలపెట్టెలో రాణీ బొమ్మ రూపాయిలు ఉండేవి కదా, ఉంటే 1840 అని ఉన్నవి బయటికి తియ్యి. అవి విలియం వయన్ చేసిన బొమ్మతో వచ్చినవి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ పాటు కొట్టినవాటి మీదా 1840 అనే వేశారు, కాబట్టి సంవత్సరం చూసి మోసపోకు. రాణి మెడ తెగిన చోట, అంచు మీద, కొన్నిటికి రెండు చిన్న డబ్ల్యూలు ఉంటాయి. భూతద్దం పెట్టి చూసి, పగటి వెలుగులో ఫోటో తీసి పంపు. తోమొద్దు, చింతపండు అసలే వద్దు. మీ ఆవిడకి కూడా చెప్పు.

నీ
రఘు