ఆంగ్‌కోర్ వాట్ చూసి వచ్చాము

మిత్రులందరికీ నమస్కారం. 2020లో అడ్వాన్సు కట్టిన తరువాత కరోనా వల్ల ఆగిపోయిన కంబోడియా యాత్రను మన క్లాసు లీడరూ నేనూ ఎట్టకేలకు పూర్తి చేసుకుని, నిన్న రాత్రి క్షేమంగా నల్లగొండ చేరుకున్నాము.

12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించిన ఆంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది కాబట్టి, తెల్లవారక ముందే గైడు మమ్మల్ని కొలను గట్టున నిలబెట్టగా, శిఖరాల వెనుక నుంచి సూర్యుడు పైకి రావడం చూశాము. తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. వాసుకిని లాగుతున్న అసురుల వరుస ముందు లీడరు చాలాసేపు కదలలేదు. ఎన్నో చేతులు తాకి అక్కడక్కడ ఆ రాయి నల్లగా నిగనిగలాడుతున్నది. "మన పానగల్లు పచ్చల సోమేశ్వరం గుడి యాదికొస్తున్నదిరా" అన్నాడు లీడరు. కూర్మావతార కథను గైడు మొదలుపెట్టేలోపే మిగతాది మేమే ఆయనకు చెప్పేశాము.

వెళ్లదలచిన వారు 37 డాలర్ల ఒక రోజు టికెట్ కాకుండా, 62 డాలర్ల మూడు రోజుల టికెట్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు లేకపోతే పై అంతస్తుకు అనుమతించరు. అక్కడి మెట్లు బాగా నిటారుగా ఉన్నందున నేను కిందనే కూర్చున్నాను. లీడరు మాత్రం ఎక్కి వచ్చి, రెండు రోజులు కుంటుతూ నడిచాడు. శాకాహారులు చేపల సాస్ గురించి ముందే అడిగి తినాలి. మేము తీసుకుపోయిన మామిడికాయ తొక్కు నాలుగో రోజుకే అయిపోయింది.