జిల్లా సగటు మా చెలకను తడపదు

సంపాదకులకు నమస్కారం.

ఒక ఉదయం మీ పత్రికలో ‘జిల్లాలో సాధారణ వర్షపాతం’ అన్న శీర్షిక చదివినప్పుడు నేను మా చెలక గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా కంది మొక్కలు తలలు వాల్చాయి. పక్క చేనులో పత్తి గింజలు రెండోసారి పెడుతున్నారు. వార్త అబద్ధం కాదు. సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉన్నంత వరకు వాతావరణ శాఖ లెక్కలో అది సాధారణమే. మూడు వారాల బెట్ట తర్వాత ఒక్క రాత్రి కుండపోత కురిసినా ఆ లెక్క సరిపోతుంది. ఆ నీరు మా అమ్రాబాద్ గుట్టల మీద నిలవదు. తెల్లవారేసరికి కొంత డిండి వాగు వైపు, కొంత కృష్ణ వైపు దిగిపోతుంది, పైమట్టిని కూడా తీసుకుని.

2009 మన పాలమూరు వాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ ఏడాది దేశమంతటా నైరుతి వానలు 22 శాతం తగ్గాయి. అంతటి కరువు ఏడాదిలోనే, అక్టోబరు మొదట్లో, కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురం, కర్నూలు మునిగిపోయాయి. ఆ రెండింటినీ కలిపి ఒక సగటు తీస్తే రైతుకు ఏం తెలుస్తుంది?

మా నాన్న ఏటా పంచాంగం అంచుల్లో వాన పడిన రోజున చుక్క పెట్టేవారు. పదును వానకు ఒకటి, కుంటలోకి నీళ్లొచ్చిన వానకు రెండు. ఆయన పోయాక ఆ పని నేను చేస్తున్నాను. పూర్వం మృగశిర కార్తె వాన ఎన్నడూ తప్పలేదని మా ఊరి పెద్దలంటారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్న సామెతా చెబుతారు. కానీ నాన్న పంచాంగాల్లో మృగశిర మొత్తానికి ఒక్క చుక్కైనా లేని ఏళ్లున్నాయి. మాకు మంచి వానలే గుర్తుండిపోయాయి. ఒక్క తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: నాన్న చుక్కలు వరసగా నడుస్తాయి, అవి ముసురు రోజులు. నావి గుంపుగా పడి, ఆ తర్వాత పేజీలు ఖాళీగా ఉంటాయి.

ఇది ఒక్క వాకిలి లెక్క. దీన్ని చూపించి వానల తీరే మారిందని తీర్పు చెప్పలేను. మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు వానలను పరిశీలించిన శాస్త్రవేత్తలు భారీ వర్షాలు పెరిగాయని, మోస్తరు వానలు తగ్గాయని, మొత్తం మాత్రం పెద్దగా మారలేదని 2006లో ప్రకటించారు. వారు చూసిన ప్రాంతం మాకు ఉత్తరాన ఉంది. మా కొండల సంగతి తేలాలంటే మా కొండల లెక్కలే కావాలి.

ఆ లెక్కలు లేకపోలేదు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకంలోని నీటిని కొలిచి రిజిస్టరులో రాసిన గుమాస్తాలను నేను చూశాను. కానీ 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016లో మహబూబ్‌నగర్‌ను విడదీశారు, మా మండలం నుంచి పదర వేరుపడింది. పాత జిల్లా సగటును కొత్త జిల్లా సగటు పక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం సరికాదు. ఏ వర్షమాపకం లెక్క దానితోనే పోల్చాలి, అదీ కనీసం 30 ఏళ్లది.

అందుకే అధికారులను వేడుకుంటున్నాను. పాత అచ్చంపేట తాలూకా రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నా బయటికి తీసి, రోజువారీ అంకెలతో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ప్రతి పంచాయతీలో అందుబాటులో ఉంచండి. మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా శాతంతో పాటు మండలాల వారీగా, కార్తెల వారీగా ఎన్ని రోజులు కురిసిందో, ఎన్ని రోజులు వరుపు పట్టిందో వేయండి. కనీసం 60 మిల్లీమీటర్ల వాన పడి నేల తడిసిన తర్వాతే విత్తుకోమని శాస్త్రవేత్తలు చెబుతారు. తన ఊళ్లో ఎంత పడిందో తెలియని రైతు ఆ సలహాను ఎలా పాటిస్తాడు? మబ్బును చూసి విత్తుతాడు, విత్తనాలకు మళ్లీ అప్పు చేస్తాడు.

మా పంచాంగాల్లో మొదటి నాలుగింటిని చెదలు తినేశాయి. మిగిలినవి భద్రంగా ఉన్నాయి. ఆ రిజిస్టర్లతో సరిచూడటానికి ఎవరు అడిగినా తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, రైతు
అమ్రాబాద్ మండలం, నాగర్‌కర్నూల్ జిల్లా