తప్పు తెలుగుది కాదు, ప్లగిన్‌ది

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో కంప్యూటర్ చిట్కాల కింద 'ఫైళ్ళకి, ఫోల్డర్లకి తెలుగులోనే పేర్లు పెట్టుకోండి' అని రాశారు. మంచి మాటే, నేను ఎప్పట్నుంచో అలాగే పెట్టుకుంటున్నాను. కానీ ఆ పేరు చూసి ఎక్కడ ఏది మొరాయిస్తుందో కూడా నాలుగు ముక్కలు రాసి ఉంటే నాకు రెండు వారాల టెన్షన్, చెన్నైలో కంప్యూటర్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి రెండు ట్రిప్పులు, పదిహేను వందల రూపాయలు మిగిలేవి. ఉత్తరం కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల తీసేయండి గానీ విరుగుడు మాత్రం ఉంచండి.

మేం పెరంబూరులో ఉంటాం. మా అమ్మ పాత ఫొటోలు, ఆవిడ చేత్తో రాసుకున్న వంటల పుస్తకం మా బావగారు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఆయన గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు, అందుకని ఫొటోలు మామూలు జేపెగ్‌లో ఇచ్చినా పుస్తకం పేజీలు మాత్రం జేపీ2లో, అంటే జేపెగ్ 2000లో ఇచ్చారు, వివరం పోకుండా ఫైలు చిన్నదవుతుందని గ్రంథాలయాల వాళ్ళకి అదంటే ఇష్టం. డీ డ్రైవ్‌లో 'అమ్మ' అని ఒక ఫోల్డర్ చేసి అన్నీ అందులో పోశాను. ఇమేజ్ వ్యూయర్‌లో ఫొటోలన్నీ టకటకా వచ్చాయి. పుస్తకం పేజీ నొక్కితే మాత్రం 'ఫైలు కనబడలేదు' అంటుంది. కళ్ళెదురుగా ఉన్న ఫైలు కనబడకపోవడమేమిటో!

షాపుకి తీసుకెళ్తే వైరస్ అన్నారు, విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ వేశారు, డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చి చూస్తే అదే పాట. రెండోసారి వెళ్ళినప్పుడు అక్కడి కుర్రాడు ఫోల్డర్ పేరుని ఇంగ్లీషులోకి మార్చాడు, పేజీ తెరుచుకుంది. 'ఈ లాంగ్వేజ్ వల్లే ప్రాబ్లం సార్, ఇకమీద అన్నీ ఇంగ్లీషులో పెట్టుకోండి' అన్నాడు. తెరుచుకున్నందుకు సంతోషించాలా, ఆ మాటకి బాధపడాలా తెలియలేదు. ఇంటికొచ్చి పేరు మళ్ళీ తెలుగులోకి మార్చేశాను. మొండితనమే అనుకోండి.

మా కింది వాటాలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ఉంది. సంగతంతా విని ఒకటే అడిగింది, 'తాతగారూ, తెలుగు పేరే తప్పయితే అదే ఫోల్డర్‌లోంచి ఫొటోలెలా తెరుచుకుంటున్నాయి?' అని. షాపులో ఎవరికీ తట్టని ప్రశ్న ఇది, నాకూ తట్టలేదు. జేపెగ్‌ని వ్యూయర్ తనంతట తానే తెరుస్తుంది. జేపీ2ని తెరవడం దానికి రాదు, ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉన్న ప్లగిన్‌కి, అంటే వ్యూయర్‌కి తోడుగా పనిచేసే ఒక చిన్న డీఎల్ఎల్ ఫైలుకి ఆ పని అప్పగిస్తుంది. అంటే దోషం వ్యూయర్‌లో కాదు, విండోస్‌లో కాదు, ఆ చిన్నదాంట్లో వెతకాలి.

ఆ అమ్మాయి మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ మానిటర్ దించి, ఫిల్టర్‌లో వ్యూయర్ పేరు ఒక్కటే పెట్టి, నన్ను పేజీ మీద నొక్కమంది. ఏ ప్రోగ్రామ్ ఏ నిమిషాన ఏ ఫైలు తలుపు తట్టిందో అందులో వరసగా పడుతుంది. వందల లైన్ల మధ్య ఒక లైన్ చూపించింది. డీ డ్రైవ్, ఆ తర్వాత 'అమ్మ' ఉండాల్సిన చోట నాలుగు ప్రశ్నార్థకాలు, పక్కన 'నేమ్ ఇన్‌వాలిడ్' అని, అంటే పేరు చెల్లదని. మనకి 'అమ్మ' రెండక్షరాలే, కంప్యూటర్‌కి మాత్రం అ, మ, పొల్లు, మ అని నాలుగు. నాలుగింటికి నాలుగు ప్రశ్నార్థకాలు! విండోస్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండకూడదు, కాబట్టి అలాంటి ఫైలే లేదంది.

ఎందుకలా అంటే, అన్ని భాషల అక్షరాలకీ ఒకే పట్టిక అయిన యూనికోడ్ రాకముందు విండోస్‌లో ఒక్కో భాషల గుంపుకి ఒక్కో కోడ్ పేజీ, అంటే అక్షరాల పట్టిక ఉండేది. పాత పద్ధతిలో రాసిన ప్లగిన్లు ఫైలు పేరుని ఇప్పటికీ ఆ కోడ్ పేజీలోకి మార్చుకుని చదువుతాయి. తెలుగుకి విండోస్‌లో అలాంటి కోడ్ పేజీ ఎన్నడూ లేదు. 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చినప్పుడే నేరుగా యూనికోడ్‌గా వచ్చింది. అందుకని మార్చడానికి చోటు దొరక్క ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమైపోతుంది. తమిళానిదీ ఇదే పరిస్థితి, నాకు సలహా ఇచ్చిన ఆ కుర్రాడు తన ఫోల్డర్‌కి తమిళంలో పేరు పెట్టుకున్నా జేపీ2 తెరుచుకోదు. ఫ్రెంచి వాళ్ళకి మాత్రం ఈ బెడద లేదు, వాళ్ళ అక్షరాలు ఆ పాత పశ్చిమ దేశాల కోడ్ పేజీలోనే ఉన్నాయి.

విండోస్ రీజియన్ సెట్టింగుల్లో, సిస్టమ్ లొకేల్ మార్చే చోట, 'బీటా' అని రాసి ఒక యూటీఎఫ్-8 గడి ఉంటుంది, పాత ప్రోగ్రాములకి కూడా కోడ్ పేజీ బదులు యూనికోడ్‌నే ఇచ్చేది. అందులో టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే అమ్మ పుస్తకం తెరుచుకుంది. నా ఆనందం గంటసేపే. యూనికోడ్ రాకముందు ఫాంట్లతో టైప్ చేసుకున్న నా పాత ఫైళ్ళు తెరిస్తే అంతా గజిబిజి. టిక్ తీసేశాం. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ వాడే డీటీపీ వాళ్ళు ఆ గడి జోలికి పోకపోవడం మేలు.

చివరికి చూస్తే ఆ ప్లగిన్‌కి కొత్త వెర్షన్ ఎప్పుడో వచ్చేసింది, యూనికోడ్ పేర్లు చక్కగా చదువుతుంది. మరి వేసుకుంటే సరిపోవాలి కదా, సరిపోలేదు. విండోస్ మళ్ళీ వేసినప్పుడు షాపు వాళ్ళు 64 బిట్ విండోస్‌లో 32 బిట్ వ్యూయర్ వేశారు, నేను దించింది 64 బిట్ ప్లగిన్. ఇది చాలామంది పడే గొయ్యి. ఇర్ఫాన్‌వ్యూ అనే వ్యూయర్ అయినా మరొకటైనా వ్యూయర్ ఎన్ని బిట్లో ప్లగిన్ అన్ని బిట్లే ఉండాలి, విండోస్ ఎంతన్నది లెక్కలోకి రాదు. తేడా ఉంటే గొడవ చేయదు, చెప్పదు, ఊరికే ఆ ప్లగిన్‌ని పక్కన పెట్టేస్తుంది. ఇర్ఫాన్‌వ్యూలో అయితే హెల్ప్ మెనూలో ఏ ప్లగిన్లు ఉన్నాయో జాబితా కనిపిస్తుంది, ముందు అక్కడ చూసుకోవాలి. 64 బిట్ వ్యూయర్ వేశాక కూడా పాత ప్లగిన్ కోసమే వెతుకుతుంటే, వ్యూయర్ సెట్టింగులు రాసి ఉండే ఐఎన్ఐ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టాం. వ్యూయర్ తెరవగానే కొత్తది రాసుకుంది, పేజీ తెరుచుకుంది. సెట్టింగులన్నీ మొదటికొచ్చాయి, అది వేరే సంగతి. ఐఎన్ఐని చెరిపేయకుండా పేరు మార్చమన్నది ఆ అమ్మాయే, అవసరమైతే వెనక్కి తెచ్చుకోవచ్చని.

మీ పాఠకులు ఎవరికైనా ఒక రకం ఫొటో తెరుచుకోకపోతే విండోస్ తుడిచి మళ్ళీ వేసే దాకా పోకుండా అదే ఫైలుని ఇంగ్లీషు పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి చూడమనండి. అక్కడ తెరుచుకుంటే గొడవ పేరుతోనే. అక్కడా తెరుచుకోకపోతే బిట్లు చూడాలి, ఆ తర్వాత ప్లగిన్స్ ఫోల్డర్‌లోంచి సగం బయటకు తీసి మళ్ళీ ప్రయత్నించాలి, మిగతా సగంతో ఇంకోసారి, అలా నాలుగైదు సార్లలో దొంగ దొరుకుతుంది. ఐఫోన్ ఫొటోల సంగతి వేరు. 2017లో ఐఓఎస్ 11 వచ్చాక అవి హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో వస్తున్నాయి, చాలా వ్యూయర్లు దానికి విండోస్ కోడెక్ మీదే, అంటే ఆ ఫార్మాట్‌ని విప్పే విండోస్ భాగం మీదే ఆధారపడతాయి. ఫోన్ సెట్టింగుల్లో కెమెరా, ఫార్మాట్స్ దగ్గర 'మోస్ట్ కంపాటిబుల్' అని పెట్టుకుంటే అప్పట్నుంచి తీసే ఫొటోలు జేపెగ్‌లోనే వస్తాయి.

ఇంకొక్క మాట, కొంచెం ఘాటుగా అనిపించినా ఏమీ అనుకోకండి. తెలుగులో పేర్లు పెట్టుకోమని చెప్పిన అదే అనుబంధం చివరి పేజీలో, పాఠకుల ఫొటోలు పంపే చిరునామా కింద, 'ఫైలు పేరు ఇంగ్లీషులో మాత్రమే ఉండాలి' అని వేశారు. మీ ఆఫీసులో కూడా ఎక్కడో ఒక పాత ప్లగిన్ కూర్చుని ఉండొచ్చు.

ఈ ఉత్తరంతో పాటు అమ్మ పుస్తకంలో గోంగూర పచ్చడి పేజీ జతచేస్తున్నాను, జేపీ2లోనే. ఫైలు పేరు 'అమ్మ గోంగూర'. తెరుచుకుందో లేదో ఒక ముక్క రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పెరంబూరు, చెన్నై