మనసులో ఉంచుకొమ్మంటే సగం విశ్వాసాన్ని వదులుకొమ్మన్నట్టే

సంపాదకులకు నమస్కారం.

మతం వ్యక్తిగత విషయమని, ఎవరి నమ్మకాన్ని వారు మనసులో ఉంచుకుంటే ఏ గొడవా ఉండదని పాఠకుల లేఖల్లో తరచుగా చదువుతుంటాను. అలా రాసేవారిలో ఎక్కువమంది సదుద్దేశంతోనే రాస్తారని నా నమ్మకం. నన్ను ప్రాణంగా పెంచిన మా అమ్మ కూడా ఆ మాటే అన్నది: "నీ దేవుణ్ణి నీ గుండెల్లో పెట్టుకో తల్లీ, నలుగురిలో చెప్పకు." ఆ మాటలో ప్రేమ తప్ప మరొకటి లేదు. అయినా ఒక క్రైస్తవ విశ్వాసిని అలా ఉండమని అడగడం ఎంత పెద్ద కోరికో మీ పాఠకులకు చెప్పాలనే ఈ లేఖ రాస్తున్నాను.

హృదయంతో విశ్వసించడం, నోటితో ఒప్పుకోవడం అనే రెండింటినీ అపొస్తలుడైన పౌలు బైబిలులో రోమీయులకు రాసిన పత్రిక (లేఖ) పదో అధ్యాయంలో ఒకే వాక్యంలో జతచేసి చెప్పాడు. మనుషుల ఎదుట తనను ఒప్పుకున్నవారిని తన తండ్రి ఎదుట తానూ ఒప్పుకుంటానని, ఎరుగనన్నవారిని తానూ ఎరుగనంటానని యేసు చెప్పిన మాట మత్తయి సువార్తలో ఉంది. విశ్వాసంలో చేరేటప్పుడు నీటితో ఇచ్చే బాప్తిస్మం సైతం సాధారణంగా విశ్వాసుల సంఘం సాక్షిగా జరిగేదే. కాబట్టి "నమ్ము, కానీ చెప్పకు" అన్నప్పుడు మీరు మాకు స్వేచ్ఛ ఇచ్చామనుకుంటారు. మాకు మాత్రం అది నమ్మినదానిలో సగాన్ని వదిలేయమన్నట్టు వినిపిస్తుంది.

ఏడేళ్ల పాటు నేను ఆ సగంతోనే బతికాను. తలుపు గడియ పెట్టుకుని వాక్యం చదువుకునేదాన్ని. ఆదివారం ఎక్కడికి వెళ్తున్నావని అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని. సత్యాన్ని వెతుక్కుంటూ వెళ్లడానికి వారం వారం అబద్ధమాడవలసి రావడం నన్ను లోలోపల తినేసింది. బంధువులంతా కూర్చుని క్రైస్తవులను ఎగతాళి చేస్తున్నప్పుడు నేనూ చిన్నగా నవ్విన సాయంత్రం ఒకటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. యేసును బంధించిన రాత్రి ఆయన శిష్యుడు పేతురు చలిమంట దగ్గర నిలబడి ఆయనెవరో నాకు తెలియదన్నాడు. నేను నోరు విప్పకుండానే ఆ మాట అన్నాను. మరునాడు ఇంట్లో అందరి ముందూ చెప్పేశాను. నాన్నగారు చాలా రోజులు నాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. అన్నయ్య రెండేళ్లు మాట్లాడలేదు. ఆ బాధ చిన్నదని నేననను, కానీ ఆ ఏడేళ్ల బరువు ముందు దాన్ని మోయగలిగాను.

మనసులో ఉంచుకోవడానికి రోమా సామ్రాజ్యం కూడా అభ్యంతరం చెప్పలేదు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ, పొంతు ప్రాంతాల (నేటి టర్కీ ఉత్తర భాగం) గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం నేటికీ చదవడానికి దొరుకుతుంది. తన ముందుకు తెచ్చినవారిని క్రైస్తవులేనా అని మూడుసార్లు అడిగానని, శిక్ష తప్పదని బెదిరించినా అవునన్నవారిని మరణశిక్షకు పంపానని, కాదని చెప్పి చక్రవర్తి విగ్రహానికి ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును శపించినవారిని విడిచిపెట్టానని అందులో రాశాడు. వారు చేసే నేరమేమిటని విచారిస్తే, ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును కీర్తిస్తారని, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, ఇచ్చిన మాట తప్పబోమని ప్రమాణం చేసుకుంటారని మాత్రమే తేలింది. వారిని వెతికి పట్టుకోవద్దనే ట్రాజన్ జవాబిచ్చాడు. ప్రాణం దక్కించుకోవడానికి ఒక్క "కాదు" చాలు. లోపల ఏమనుకుంటున్నారో ఎవరికీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట అనలేక చనిపోయినవారి సాక్ష్యం మీదే మా సంఘాలు నిలబడ్డాయి.

ఇదంతా రాస్తున్నది ఇంకా చెప్పలేకపోతున్నవారిని చిన్నబుచ్చడానికి ఎంతమాత్రం కాదు. ఈ విషయంలో కొందరు విశ్వాసుల కాఠిన్యం నన్ను నొప్పిస్తుంది. క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి అందరూ బలులు అర్పించి ధ్రువపత్రం పొందాలని ఆజ్ఞాపించినప్పుడు, భయపడి అర్పించినవారూ ఉన్నారు, అర్పించకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించినవారూ ఉన్నారు. హింస తగ్గాక వారిని ఏం చేయాలన్న ప్రశ్న ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి సంఘాన్ని కుదిపేసింది. బిషప్పుగా ఉన్న సిప్రియన్ తేలికగా తలుపు తెరవలేదు. పూర్తిగా మూసివేయనూ లేదు. పశ్చాత్తాపపడి కన్నీళ్లతో వచ్చినవారికి తిరిగి రావడానికి దారి ఉంచాడు. తన వంతు వచ్చినప్పుడు, 258లో, విశ్వాసాన్ని ఒప్పుకుని శిరచ్ఛేదానికి తల వంచాడు. రాత్రివేళ యేసు దగ్గరకు వచ్చిన యూదుల పెద్ద నీకొదేము, శిష్యులు చెదిరిపోయిన రోజున బహిరంగంగానే బోళము, అగరు అనే సుగంధద్రవ్యాలు తీసుకుని ఆయన దేహాన్ని సమాధి చేయడానికి వచ్చాడు. ఎవరి గడియ ఎప్పుడు వస్తుందో పక్కవారు నిర్ణయించలేరు.

జపాన్ సంగతి ఇంకా ఆశ్చర్యకరం. 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించాక, క్రీస్తు ప్రతిమ ఉన్న పలకను తొక్కి తాము క్రైస్తవులం కామని నిరూపించుకోమనేవారు. రెండు వందల ఏళ్లకు పైగా కొన్ని కుటుంబాలు పాదిరీ లేకుండా ప్రార్థనలను తల్లి నుంచి బిడ్డకు గుసగుసగా అందించుకుంటూ వచ్చాయి. 1865లో నాగసాకిలో విదేశీయుల కోసం కట్టిన చర్చికి ఉరకామి గ్రామస్థులు కొందరు వచ్చి, తామూ అదే విశ్వాసంలో ఉన్నామని అక్కడి ఫ్రెంచి పాదిరికి మెల్లగా చెప్పారు. అన్ని తరాలు దాచగలిగినవారు ఇంకొంతకాలం దాచలేరా? కానీ చెప్పారు. ఆ తర్వాత బహిరంగంగా నిలబడినందుకు మూడు వేల మందికి పైగా ఊరు వదిలి ప్రవాసం వెళ్లవలసి వచ్చింది, వందలమంది తిరిగి రాలేదు. 1873లో ఆ నిషేధాన్ని చాటే ప్రకటన పలకలను తొలగించారు.

ఒప్పుకోవడమంటే ఎదుటివారి దేవుణ్ణి కించపరచడమని అనుకునేవారున్నారు. అలా ప్రవర్తించే క్రైస్తవులూ ఉన్నారు, వారిని నేను సమర్థించను. మీలోని నిరీక్షణకు, అంటే ఆశకు, కారణమడిగిన ప్రతివారికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న పేతురు, ఆ జవాబును సాత్వికంతో చెప్పమని కూడా అన్నాడు. నేను క్రైస్తవురాలినని చెప్పడం వల్ల నాన్నగారి పూజకు ఏ లోటూ రాలేదు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన పద్దెనిమిదో అధికరణం మతాన్ని మార్చుకోవడాన్నీ, ఒంటరిగాగానీ నలుగురితో కలిసిగానీ, ఏకాంతంగాగానీ బహిరంగంగాగానీ దాన్ని ఆచరించడాన్నీ మనిషి హక్కుగా గుర్తించింది.

మీ పాఠకులకు నాదొక విన్నపం. మీ ఇంట్లో కొడుకో, కోడలో, చెల్లెలో ఒకరోజు "నేను యేసును నమ్ముకున్నాను" అని చెబితే, ఎవరు డబ్బిచ్చారు, ఎవరు మాయ చేశారు అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, "ఏం నమ్మావు, ఎందుకు నమ్మావు?" అని అడగండి. అన్నయ్య ఆ ప్రశ్న అడగడానికి రెండేళ్లు పట్టింది. ఆ రోజు ఇద్దరం చీకటిపడేదాకా మాట్లాడుకున్నాం. తను ఇప్పటికీ నాతో ఏకీభవించడు, కానీ ప్రతి ఆదివారం నన్ను ప్రార్థనకు దింపి వెళ్తున్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు